పాలిచ్చినామె పేరు

మూసీ వరదకు బహదూర్‌పురా బడిలో శిబిరం పెట్టారు. నర్సు చిన్న గిన్నెలో తల్లిపాలు తెచ్చింది. తల్లి ఆసుపత్రిలో ఉన్న పసిపాపను నానమ్మ నర్సుకివ్వలేదు.

“ఎవరి పాలివి?”

“పేర్లు చెప్పొద్దని రూల్, దాదీమా. బిడ్డ పొద్దటిసంది ఏడుస్తుంది, తాపనియ్యి.”

“మా మతంల పాలిచ్చినామె కొడుకు, పాలు తాగిన బిడ్డకు అన్నయితడు. రేపు తెల్వక వానికే ఇచ్చి నిఖా చేస్తే గునా, ఆ పాపం ఎవరికి?”

“నిఖా ఇరవయ్యేండ్లకు. ఆకలి ఇయ్యాల. మనిషివేనా నువ్వు?”

“గొంతు లేపకు. పేరు చెప్పు, లేకుంటే పో.”

“నావే.”

“ఏంది?”

“నా పాలే. నా కొడుకు పేరు వెస్లీ.”

“క్రిస్టియనోళ్లా? ముందే చెప్తే నోరు పడిపోతుండెనా?”

“చెప్తే తాపనిస్తవా అని.”

“గిన్నె ఇటియ్యి. ఈద్‌కు నీ కొడుకు చెల్లెకు గాజులు తేకుంటే, మీ గల్లీకొచ్చి లొల్లి చేస్త.”