గాలి లేని గది

చెప్పు. ఏం చూశావో చెప్పు. ఇంతసేపూ నా వెనక కుర్చీలో గుడ్లప్పగించి కూర్చున్నావు కదా, ఏం కనిపించింది నీకు?

మాట్లాడవు. తెలుసు. రిమోట్ నా చేతిలో ఉన్నంతసేపూ నువ్వు నోరు విప్పకూడదు. అది నువ్వు పెట్టుకున్న రూలు, నేను పెట్టింది కాదు. ఆట తయారుచేసిన మనిషి ఆడేవాళ్ళకి ఒక్క ముక్క కూడా చెప్పకూడదన్నావు. మంచిదే అయింది. ఈ రోజు నేను రిమోట్ కింద పెట్టను. చేతులు తిమ్మిరెక్కినా సరే. నువ్వు వినాలి.

నవ్వకు. నవ్వడం కూడా చెప్పడం కిందికే వస్తుందని నువ్వే అన్నావు.

ముందు ఒళ్ళో ఆ లాప్‌టాప్ మూసెయ్. మూసెయ్ అంటున్నానా. వచ్చీ రాగానే, చెప్పులైనా విప్పకుండా ఏమన్నావు? "అత్తా, ఆ గది తీసేస్తున్నా. రేపు పొద్దున ఆటని బయటికి వదులుతున్నా, ఈలోపే తీసేస్తా. నువ్వు ఇన్నాళ్ళు అందులో ఇరుక్కుపోయావంటే తప్పు గదిదే" అన్నావు. ఎంత తేలిగ్గా అనేశావో. 

ఆ గది తీసేస్తే ఇంకేం మిగిలింది కోడలా?

ఆగు, మొదటి నుంచీ చెప్తా. లేకపోతే నాకే గందరగోళంగా ఉంది. ఇలా ఉబ్బితబ్బిబ్బై మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

మొదటిరోజు మా తమ్ముడు, అదే మీ నాన్న, నిన్ను నా దగ్గరికి తీసుకొచ్చాడు. "అక్కా, దీనికి ఎవరో ఒకరు ఆడి చూపించాలంట, నువ్వు ఖాళీయే కదా" అన్నాడు. నేను ఖాళీయా? సరే, అది వేరే గొడవ. నువ్వేమో, "అత్తకి టీవీ ఆన్ చేయడమే రాదు, అందుకే అత్తే కావాలి" అన్నావు. తిట్టావనుకున్నా. ఒళ్ళు మండింది. బుద్ధిగా కూర్చున్నానంటే నీ మీద కోపంతోనే కూర్చున్నా, ఏం పెద్ద ఆట చేసిందో చూద్దామని.

ఆన్ చేశాను. ఒక దుప్పటి.

కత్తి లేదు, తుపాకీ లేదు, మీదపడి కరిచే దయ్యం లేదు. మేడ మీద దండెం నుంచి ఎగిరిపోయిన ఒక నీలం గళ్ళ దుప్పటి. అది మళ్ళీ తన దండేనికి చేరాలి. నేను దుప్పటిని కాదంట, గాలినంట. బటన్ నొక్కితే వీస్తాను, వదిలితే ఆగుతాను. ఇదేం ఆటే అన్నాను.  ఇటు తిరిగి నీ మొహం చూశాను. గోడ చూసినట్టే ఉంది.

అసలు మొదట్లో రెండు బటన్లు ఉండేవి, గుర్తుందా? రెండూ ఒకేసారి నొక్కాలి. నాకు ఈ వేలు వంగదు. నేనేం నీకు చెప్పలేదు. చెప్పుకోవడం అలవాటు లేదు నాకు. అడ్డదిడ్డంగా ఏదో నొక్కాను, దుప్పటి పోయి మురుక్కాలవలో పడింది. మర్నాడు వచ్చావు, రిమోట్ ఇచ్చావు, చూస్తే ఒకటే బటన్. ఆట మొత్తం ఒక్క బటన్ మీదికి తెచ్చేశావు. రాత్రంతా కూర్చున్నట్టున్నావు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక్క మాటైనా అన్నావా? "అత్తా, నీ వేలు చూశాను" అనైనా అన్నావా? లేదు. ఇచ్చావు, వెనక్కి వెళ్ళి కూర్చున్నావు.

ఈ వేలి కథ నీకు తెలియదు. ప్యాంట్లకి జేబులు కుట్టే ఫ్యాక్టరీలో సూది దిగింది దీంట్లోంచి. ఎముక దాకా. సూపర్‌వైజరు వచ్చి ముందు బట్ట మీద రక్తం పడిందా అని చూశాడు. తర్వాత నా మొహం చూసి, "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?" అన్నాడు. ప్రతిదానికీ అదే మాట. మిషన్ ఆగితే నీ చెయ్యి సరిగ్గా లేదు. దారం తెగితే నీ ధ్యాస సరిగ్గా లేదు. సూది ముందు వేలికి అడ్డంగా చిన్న కంబీ ముక్క పెట్టించండయ్యా అంటే, మేము గేటు బయట ఎండలో కూర్చుని, దెబ్బలు తిని, కొందరం జైలుకెళ్ళి వస్తే గానీ పెట్టలేదు. జడపిన్నంత కంబీ. అంతే అడిగాం.

అటువంటిదాన్ని నేను. నాకోసం ఒక పిల్ల వచ్చి, అడక్కుండానే, నా వేలు చూసి, ఆట మార్చింది. ఆ రోజు నువ్వు వెళ్ళాక గదంతా తిరిగాను. కూర్చోలేకపోయాను. అద్దం ముందు నిలబడి నా వేలు నేనే చూసుకున్నా, పెళ్ళికూతురు ఉంగరం చూసుకున్నట్టు.

నవ్వకు అన్నానా.

ఇంక కప్ప సంగతి. ఆ మూడో మేడ మీద నీళ్ళ డ్రమ్ము ఉంది కదా. దారి అటు కాదు. నాకు తెలుసు దారి అటు కాదని. అయినా దుప్పటిని తీసుకెళ్ళి అందులోకి తొంగిచూడాలి నాకు. ఎందుకంటే ఏం చెప్పను, డ్రమ్ము కనిపిస్తే చూడమా? లోపల ఏమీ లేదు. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ ఏమీ లేదు. నువ్వు వెనక కుర్చీలో చూస్తూనే ఉన్నావు. ఇంకెవరైనా అయితే అక్కడ గోడ కట్టేవాళ్ళు. మీ నాన్న చూసి ఏమన్నాడు? "బాణం గుర్తు పెట్టమ్మా, మీ అత్త లాంటివాళ్ళకి ఎటు పోవాలో తెలియాలి కదా" అన్నాడు. బాణం గుర్తు. మా ఫ్యాక్టరీ నేల మీద ఉండేవి పసుపు బాణాలు. మరుగుదొడ్డికి పోయే బాణం దాటి పక్కకి అడుగేస్తే జీతంలో కోత.

నువ్వు బాణం పెట్టలేదు. మర్నాడు డ్రమ్ములోకి తొంగిచూస్తే కప్ప. ఆకుపచ్చ కప్ప, నన్ను చూసి బెక్ మంది. కుర్చీలోంచి పడ్డంత పని అయింది నాకు. రిమోట్ కింద పెట్టేసి నిన్ను అడిగాను, ఇది ఎందుకే, దీంతో ఏం పని అని. "ఏం పనీ లేదత్తా. నువ్వు అన్నిసార్లు వెళ్ళి చూశావు, ఖాళీగా ఉంటే బాగోదు కదా" అన్నావు.

ఖాళీగా ఉంటే బాగోదు కదా. ఆ మాట నీకు మామూలు మాట. పక్కింటి ఆవిడకి చెప్పాను, కింద సైకిళ్ళు బాగుచేసే ఆయనకి చెప్పాను, మందుల షాపులో చెప్పాను. "ఎవరమ్మా కప్ప?" అని అడిగాడు షాపాయన. విడమరిచి చెప్పేసరికి వెనక లైను తలుపు దాకా పోయింది.

బురదలో పడ్డా దుప్పటి చావదు. మరక పడుతుంది, అంతే. ఆ మరకతోనే ఎగురుతుంది. వాన వస్తే కొంచెం పోతుంది, కొంచెం ఉంటుంది. ఓడిపోయావు అని ఎర్రక్షరాలు రావు. నువ్వు ఎందుకు పెట్టలేదో నేను అడగలేదు. అడగక్కర్లేదు. ఆ మాట నాకు చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు, ఇంట్లో కూర్చుని టీవీ చేత కూడా చెప్పించుకోవాలా?

సరే. గది దగ్గరికి వస్తున్నా. తొందరపడకు.

కిటికీలన్నీ మూసున్న గది. దుప్పటి తలుపు సందులోంచి లోపలికి జారి నేల మీద పడుతుంది. తలుపు మూసుకుంటుంది. బటన్ నొక్కితే గాలి రాదు. నాకు పిచ్చెక్కింది. నొక్కాను, బాదాను, రిమోట్ విరుగుతుందేమో అనుకున్నాను. నా బతుకంతా నాకు తెలిసింది ఒకటే, మనం తోయకపోతే ఏదీ కదలదు. ఊరుకుంటే ఊరుకున్నట్టే ఉంటాయి గోడలు. కాబట్టి బాదాను. వరసగా చాలా రోజులు బాదాను. అదంతా నిజమే. అది నువ్వు చూసింది నిజమే.

కానీ మొన్న కాదు, ఆ ముందు వారం, నువ్వు రాని రోజున, నా దగ్గరే వదిలేసి వెళ్ళిన ఆటని ఒక్కదాన్నే పెట్టుకుని ఆడుతున్నా. గ్యాస్ బండ వచ్చింది. రిమోట్ సోఫాలో పడేసి కిందికి వెళ్ళాను. సీలు ఊడి ఉంది, తీసుకోనన్నాను, అతనితో కాసేపు వాదన. పైకి వచ్చి చూద్దును కదా, టీవీలో ఆ గది తలుపు తీసి ఉంది. ఒక బొజ్జాయన, బనీనేసుకుని, లోపల తిరుగుతున్నాడు. కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. అది ఆయన నెత్తి మీదే ఉంది. నా దుప్పటిని ఎత్తాడు, కింద చూశాడు, లేదు. దాంతోనే మొహం తుడుచుకున్నాడు. ఛీ అన్నా. అప్పుడు కిటికీ తెరిచి దుప్పటిని ఒక్క దులుపు దులిపాడు చూడూ.

నేనేమీ చేయలేదు. ఎవరో వచ్చారు. వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. నేను చెయ్యి తీసినందుకు వచ్చారు.

నవ్వాను. ఎంత నవ్వానంటే కింద సైకిలాయన మెట్లెక్కి వచ్చి, "అంతా బాగానే ఉందా పెద్దమ్మా?" అని అడిగాడు. కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, ఆయనకి చెప్పలేను, ఎట్లా చెప్పను, ఒకాయన దుప్పటి దులిపాడు అని చెప్తే ఆయన డాక్టర్ని పిలవడూ?

అవును. అదే చెప్తున్నా. నాకు దారి తెలుసు. అప్పటి నుంచీ తెలుసు.

అలా చూడకు. నిన్న పళ్ళు కొరికాను కదా, అది నటన. మొన్న "నీ గది పాడుగాను" అన్నాను, అదీ నటనే. అది కొంచెం బాగా వచ్చిందనుకున్నా.

ఎందుకంటావు. నువ్వు అనలేవులే, నేనే అంటున్నా. ఆ కిటికీ దాటితే ఎదురుగా దండెం కనిపిస్తోంది. ఆట అయిపోతుంది. నువ్వు ఇంక రానక్కర్లేదు. ఒంటరిగా ఉన్నానని అనుకుంటావేమో, ఛ, అది కాదు. ఈ ఇంటికి వచ్చిపోయేవాళ్ళకి తక్కువేం లేదు. అది వేరు. నా వెనక మనుషులు నిలబడి చూడడం నాకు కొత్త కాదు పిల్లా. ఫ్యాక్టరీలో చూశారు, స్టేషన్లో చూశారు. నా తప్పు ఎక్కడ దొరుకుతుందా అని చూశారు. నువ్వూ వెనకే కూర్చుంటావు, కళ్ళార్పకుండా చూస్తావు, కానీ నీ తప్పు వెతుక్కుంటూ. నేను ఎడమకి తిరిగితే, "అయ్యో, అక్కడ నేనేం చేశాను?" అన్నట్టు ముందుకి వంగుతావు. కుర్చీ కిర్రుమంటుంది. ఆ కిర్రు కోసం, ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ ఇరుక్కుపోయాను.

గది తీసేస్తావని నాకేం తెలుసు? నా మాట మీద ఎవరూ గోడకున్న మేకునైనా కదిపింది లేదు ఇంతవరకూ. నువ్వు నా పళ్ళు కొరకడం చూసి గదికి గదే లేపేస్తానంటే, సంతోషపడాలో నెత్తి బాదుకోవాలో తెలియక, ఇదిగో ఇలా వాగుతున్నా.

తీయకు. అక్కడ బాణం కూడా పెట్టకు. "కాస్త ఆగండి" అని రాయకు. చెయ్యి తీసినా ఎవరో ఒకరు వస్తారన్నది, నీ ఆటలో ఉన్నవాటిలో అది ఒక్కటే నాకు అంతకుముందు తెలియని విషయం.

కానీ ఒకటుంది, అది నీకు నేను దాచను. నేనైతే నీ కళ్ళముందు ఆడాను. రేపటి నుంచి దీన్ని ఎవరెవరో ఆడతారు, ఎక్కడెక్కడో. నాలాంటి మొండిది ఒకత్తి ఆ గదిలో పడి బటన్ బాదుతుంది. నిన్ను తిడుతుంది, నీ వంశాన్ని తిడుతుంది, అందులో నేనూ ఉంటాను. దాని ఇంటికి ఆ వేళకి గ్యాస్ బండ రాకపోవచ్చు. విసుగొచ్చి కట్టేసి, మళ్ళీ ముట్టుకోకపోవచ్చు కూడా. నువ్వు దాని వెనక ఉండవు. దాని వేలు నీకు కనిపించదు, దానికోసం రాత్రికి రాత్రి ఏమీ మార్చలేవు. అయినా సరే, ఎప్పుడో ఒకప్పుడు ఆ చెయ్యి తనంతట తను ఆగుతుందని, మొహం కూడా తెలియని మనిషిని నమ్మి, ఆ గదిలో అలా వదిలెయ్యగలవా?