ఉమెదాయిరా అంటే

జపానులోని ఉమెదాయిరా కొండవాలు మీద, తన ఇంటి వెనక మట్టిని ఆపే గోడ దగ్గర ఒనుకి ఫుమిఏ టీ పళ్లెంతో నిలబడి ఉంది. ఇళ్లకూ స్థలాలకూ విలువ కట్టే కగెఉరా ఆ గోడ కిందనే వంగి చూస్తున్నాడు, పొద్దుటినుంచి తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి అతనికి.

“గోడ శుభ్రంగా ఉంది కదండీ. పగులు ఎక్కడో చూపించండి చూద్దాం.”

“గోడ సంగతి కాదు ఒనుకి గారూ, గోడలోంచి వచ్చే నీళ్ల సంగతి. ఈమధ్య వాన పడిందా?”

“ఏమో, గుర్తులేదు. టీ తాగండి.”

“పడలేదు. అయినా గోడలో నీళ్లు పోవడానికి పెట్టిన ఈ గొట్టాలు కారుతూనే ఉన్నాయి. పాకుడు చూడండి ఎంత మందాన ఉందో.”

“పాతబడితే పట్టదా? నాకూ పట్టింది. ఈ మోకాళ్లతో వీధి చివరి ఆ కొండ మెట్లు ఎక్కి దిగలేక చస్తున్నాను. కింద స్టేషను దగ్గర, మా చెల్లెలి పక్కనే చిన్న గది చూసుకున్నాను. ఇది అమ్ముడుపోతేనే ఆ గది. మీరు కాస్త మంచి విలువ కడితేనే...”

“గేటు దగ్గరే చెప్పారండీ.”

“మళ్లీ చెబుతున్నాను. ఇన్నేళ్లకి ఒక్కళ్లు ముందుకొచ్చారు.”

“ఎవరు?”

“ఎవరైతే ఏం లెండి. ఏజెంటు మాట్లాడాడు. అవునూ, మీరు ఇదివరకు బడిలో జాగ్రఫీ మాస్టారటగా?”

“అవును.”

“నదులూ పర్వతాలూ చెప్పుకునే మనిషికి ఇళ్ల ధరలతో పనేమిటి?”

“ఇదీ ఆ పనేనండీ. ఇల్లు ఎవరైనా చూస్తారు, కింద నేల చూసేవాళ్లు ఉండాలి. ఇటు కొండ, అటు కొండ. నడుమ మీ వీధి ఒక్కటే బల్లపరుపు. రెండు కొండల నడుమ ఏముండాలి?”

“నాకు పరీక్ష పెడుతున్నారా?”

“లోయ ఉండాలి.”

“మరి ఏదీ?”

“మనం నిలబడింది దాని మీదే. మట్టి పోసి పూడ్చేశారు. నీళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, పాత దారినే వస్తున్నాయి.”

“ఇది ఉమెదాయిరా అండీ. ఉమె పూలచెట్ల మైదానం. ఆ పేరు చూసే కొన్నాం. పేరుకి తగ్గట్టు ఉండాలని మా ఆయన రెండు ఉమె చెట్లు కూడా నాటాడు.”

“ఏవీ?”

“వేళ్లు... కుళ్లిపోయాయి. ఆయనకి చెట్లు పెంచడం చేతకాదు.”

“ఆయన తప్పు కాదు. పాత పటంలో ఇక్కడ ఒక్క ఉమె చెట్టు లేదు. పూడ్చడాన్నీ ఉమె అనే అంటాం కదా. పలికితే రెండూ ఒకటే. రాసేటప్పుడు ఎవరో పూడ్చడం అక్షరం తీసేసి ఉమె పువ్వు అక్షరం పెట్టేశారు.”

“అంటే పూడ్చిన మైదానం.”

“అంతే.”

“ఇన్నేళ్లూ ఉత్తరాల మీద ఎంత ముచ్చటగా రాసుకున్నానండీ ఆ అక్షరం.”

“అందరూ రాస్తారు.”

“అయినా, మొన్నటి భూకంపానికి ఈ ఇల్లు కదల్లేదు. ఒక్క పెంకు రాలలేదు.”

“అప్పుడు నేల ఎండి ఉంది. బాగా తడిసి ఉన్నప్పుడు గట్టిగా వస్తే వీధి వీధంతా కిందికి జారుతుంది.”

“వస్తే కదా.”

“వస్తే.”

“మాస్టారూ, చలికాలంలో ఆ మెట్ల మీద పడ్డాను. సాయంత్రం దాకా ఎవరూ చూడలేదు. అదీ రాస్తారా మీ కాగితంలో?”

“అది... దాన్లో పట్టదండీ.”

“పట్టదు లెండి.”

“ఏ ఇంటికి వెళ్లినా ఇంతే. ఉన్నమాట చెబితే దొంగని చూసినట్టు చూస్తారు. పొద్దున ఒకాయన టీ ఇచ్చి, నేల గురించి నోరు విప్పగానే కప్పు లాక్కున్నాడు. విసుగొచ్చేసింది నాకు.”

“నేను లాక్కోను. తాగండి.”

“సరే. ‘నేలలో కొంత తేమ ఉంది’ అని రాస్తాను. లోయ మాట ఎత్తను. అది అబద్ధం కాదు.”

“నిజమూ కాదు.”

“కాదు. కొనేవాళ్లు పెద్దవాళ్లు, వాళ్ల మంచిచెడ్డలు వాళ్లే చూసుకుంటారు. మీరు కిందికి వెళ్లిపోండి.”

“అయితే గది ఖాయం చేసుకోనా?”

“చేసుకోండి.”

“చెల్లెలికి ఫోన్ చేసి చెప్పనా?”

“చెప్పండి. ఇంకా ఎందుకండీ దిగులు?”

“ఆ పెన్ను తీయండి మాస్టారూ.”

“దేనికి?”

“పూడ్చిన లోయ అనే రాయండి. కొనేది పసిపిల్లల బడి కోసం.”