రెండు సీసాలు

సెలవు రోజు కావడంతో ప్రయోగశాలలో వాళ్ళిద్దరే ఉన్నారు. తండ్రి ఎలుక పంజరానికున్న రెండు సీసాలను అటుదిటూ ఇటుదటూ మారుస్తున్నాడు. కూతురు స్టూలు మీద కూర్చుని చూస్తోంది.

"ఎందుకు నాన్నా మార్చడం?"

"ఒకదాంట్లో పంచదార నీళ్ళు, ఇంకోదాంట్లో మామూలువి. మార్చకపోతే అలవాటుకొద్దీ ఒకవైపే పోతుంది. ఇష్టమో అలవాటో తెలియాలిగా."

"ఇది రెండూ ఒకలాగే తాగుతోందే!"

"దీనికి దిగులు పట్టించాం. దిగులుంటే తీపి మీద ఇష్టం పోతుంది."

"ఎలా? లెక్కల మాస్టారిని పెట్టారా?"

"తడి గూట్లో ఉంచాం, రాత్రిళ్ళు దీపం ఆర్పలేదు. ఇప్పుడు మందిస్తున్నాం. తీపివైపు మళ్ళితే గుణమిచ్చినట్టే."

"నేను వాడేదేనా?"

"అదే. నీకు పనిచేసిందిగా, తల్లీ! మొన్న ఐస్‌క్రీం రెండోసారి అడిగి వేయించుకున్నావు. మీ అమ్మ వంటింట్లోకెళ్ళి కళ్ళు తుడుచుకుంది."

"చూశాను. అందుకే మూడోసారి కూడా అడిగాను."

"అంటే?"

"ఎలుకే నయం నాన్నా. నువ్వు సంతోషిస్తావని అది తాగదు."

"మరి... రుచి?"

"చల్లగా ఉంది. అంతే."

"డాక్టరుతో మనసు బాగుందన్నావు కదే!"

"నువ్వన్నావు. నేను తలూపాను."

"పోనీ, మందు మార్పిద్దాం."

"ఇప్పటికే రెండుసార్లు మార్పించావు."

తండ్రి సీసాలను మళ్ళీ మార్చాడు.

"పద, అమ్మ కేకు చేస్తానంది. తింటాలే, కంగారుపడకు."

"వద్దమ్మా. ఇవాళ నీవైపు చూడను. నీకు తినాలనిపిస్తేనే తిను."

"చూడు నాన్నా. నువ్వు చూడకపోతే అసలు ముట్టను."