పడవకి అవతలి పక్క

నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో ఎముకల డాక్టరు గది బయట, బల్ల మీద యాభై దాటిన కవలలిద్దరు కూర్చున్నారు. చిన్నవాడి మణికట్టుకి పిండికట్టు. పెద్దవాడి ఒంటి నిండా కాడ్ చేపల వాసన.

“పోస్టాఫీసు మెట్టు మీద జారితేనే విరిగిందిట్రా? స్టాంపులంటించే చెయ్యి కదా, పాపం.”

“నవ్వరా, నవ్వు. నీ ఎముకలు రాయిలా ఉన్నాయట, నావి ఎండిన రొట్టెలా ఉన్నాయట. ఒకే కడుపున ఒకేసారి పుట్టాం కదా మనం.”

“జన్యువులు ఒకటేనట. వాటిలో ఏది పనిచెయ్యాలో, ఏది పడుకోవాలో మనం బతికిన తీరు కూడా చెబుతుందట. నేను వలలు లాగాను. నువ్వు కుర్చీలో కూర్చుని సిగరెట్లు కాల్చావు. డాక్టరమ్మే అంది.”

“కూర్చోబెట్టింది నాన్న. మొదటిరోజు పడవలో కక్కుకున్నానని పడవ నీకిచ్చేశాడు. ఇప్పుడు ఎముకలూ నీకేనన్నమాట.”

“మూతి ముడవకు. బరువులు మోస్తే ఇప్పటికైనా కాస్త గట్టిపడొచ్చందిగా. చెయ్యి బాగా అతుక్కున్నాక నా పడవ మీదికి రా.”

“వెక్కిరించకు. మళ్ళీ కక్కుకుంటాను.”

“కక్కుకో. ముప్పై ఏళ్ళుగా నేనూ కక్కుకుంటూనే ఉన్నాను.”

“నువ్వా?”

“ఒకే కడుపున పుట్టామన్నావుగా. నాన్నకి కనబడకుండా అవతలి పక్కకి వంగేవాణ్ణి. నువ్వు వెర్రివాడివి, ఆయన బూట్ల మీదే కక్కావు.”

చిన్నవాడు కట్టున్న చెయ్యి ఒళ్ళోకి సర్దుకున్నాడు.

“అయితే ఇవతలి పక్క నాది” అన్నాడు.