గద్దచెట్టు మీద గడియారం

మల్సూరు గౌడని ఉండె, రేగులకుంటల. యాభై రెండేండ్లుంటయనుకో. మీసం పెద్దది, మాట చిన్నది. ఊరి పడమటి దిక్కు తాటివనంల ఆయన పాలుకు పద్దెనిమిది చెట్లు. అండ్ల పద్నాలుగు పొట్టియి, నాలుగు పొడుగయి. పొడుగయంటే మామూలు పొడుగు గాదు, పదిమంది ఒకని భుజం మీద ఒకడు నిలవడ్డా మట్ట అందది. అన్నిట్ల పొడుగుదాన్ని గద్దచెట్టు అంటరు, ఎన్నడో దాని మీద గద్ద గూడు పెట్టిందంట. కల్లు మాత్రం ఆ నాలుగే ఎక్కువ పోస్తయి. ఇంటికొచ్చే కల్లుల సగం వాటిదే. ఆయన పెండ్లాం అండాలు, వనం పక్కనే మండువల కూసొని కల్లు పోస్తది. మండువంటే తెలుసు గద సారూ, కల్లు తాగే పాక. రాసుకో. తాటిచెట్టు సంగతి గూడ రాసుకో, పొద్దుగాల ఒకసారి, పొద్దుమీకి ఒకసారి గెల మూతి కత్తితోని చెక్కాలె. రెండు మూడు దినాలు కత్తి పెట్టకపోతే మూతి మూసుకపోతది, ఇగ ఆ ఏడు కల్లు లేదు. ఎంత బతిమాలినా లేదు.

అయితే ఏమైందంటే, ఆయనకు జోడీగ ఎక్కే చంద్రయ్య అనేటాయన, పోయినేడు చెట్టు మీదనే గుండె పట్టుకున్నడు. పట్టుకున్నడు, పడ్డడు. గంతే. ఆయన్ని ఎత్తుకొచ్చిన నలుగురిల మల్సూరు ఒకడు. అప్పటిసంది ఆయన బిడ్డ సంధ్యకు బుగులు. ఒక్కతే బిడ్డ, భువనగిరిల బట్టల దుకాణంల బిల్లులు కొడ్తది. అగ్గువకు దొరికితె ఒక స్మార్ట్ గడియారం కొనుక్కొచ్చి తండ్రి చేతికి పెట్టింది. నాయినా, గిది నీ గుండె ఎంతగనం కొట్టుకుంటుందో అంకె ఏసి చూపిస్తది, ఎక్కువైతే వణికి చెప్తది, జర జూసుకో అన్నదంట. నీ ఫోనుకు దీనికి జోడు కలిపిన, రెండు కలిసే ఉండాలె అని గూడ అన్నది గాని, ఆ మాట ఎవరు ఇన్నరు? గుండె అన్న మాట ఇన్నంక ఇంకో మాట చెవులకు పోతదా చెప్పుండ్రి.

పెట్టుకున్నడు. పెట్టుకున్నంక దాని సోకులు సూడాలె! చెయ్యి లేపితే వెలుగొస్తదన్నరు, నాలుగుసార్లు లేపితే ఒకసారొస్తది. పట్టీ కిందికి కల్లు నురగ పోయి ఒకటే దురద. రోజు విడిచి రోజు కరెంటు పెట్టాలె, పెట్టే వైరు ఆ గడియారానికి తప్ప లోకంల ఇంకోదానికి పట్టది. అది అడుగులు గూడ లెక్కపెడ్తది. మరి ఈయన పొద్దున తొమ్మిది చెట్లెక్కి దిగి చూసుకుంటె రెండొందల అడుగులన్నది. చెట్టెక్కుడు దానికి నడక గాదంట! ఒకపారి మట్టల మధ్యల కూసొని గెల చెక్కుతుంటె వణికి, మనిషి కుర్సీల కూసున్న బొమ్మ సూపెట్టింది. సంధ్యనడిగితె, శాన సేపాయె కూసున్నవు, లేచి తిరుగు అంటుంది నాయినా అన్నది. ఆకాశంల ఏడ తిరగాలె బిడ్డా అన్నడు మల్సూరు. మండువల అందరు నవ్విండ్రు, ఆయన గూడ నవ్విండు. నవ్వే దినాలు గవే.

నాలుగు దినాలు గడిచినయి, సంధ్య ఇంటికొచ్చి గడియారంల ఏదో కొత్తగ సరిజేసి పోయింది. ఒకనాడు పొద్దుగాల గద్దచెట్టు ఎక్కుతున్నడు. నడుముకు మోకు, అంటె చెట్టు సుట్టు తిప్పి కట్టుకునే తాడు, కాళ్లకు గుజి, అంటె పాదాలు జారకుంట ఏసుకునే తాడు బంధం. ఫోను ఎప్పటిలెక్క చెట్టు మొదట్ల నిలిపిన బండి సంచిలనే పెట్టిండు, పైకి తీస్కపోతె జారి పడి పలుగుతదని. మోకు ఎగేసుకుంట ఎగేసుకుంట సగం చెట్టుకు పోయిండో లేదో, గడియారం గజ్జున వణికింది. చూసిండు. ఎర్రగ ఒక బొమ్మ, నడుమల తెగి రెండు ముక్కలైంది. దాని కింద ఇంగిలీషు అచ్చరాలు. మల్సూరుకు అచ్చరాలు రావు, అంకెలొస్తయి. బొమ్మ పోయినంక అంకెలు చూసుకున్నడు, నూట నలభై. నేల మీద డెబ్బై ఉండేది నూట నలభై! చంద్రయ్య మతికొచ్చిండు. ఎట్లనో చెక్కి దిగిండు. ఇంకో పొడుగు చెట్టెక్కిండు, సగం కాడ మళ్ల వణికింది, మళ్ల గదే తెగిన బొమ్మ. పొట్టి చెట్లెక్కిండు, వణకలేదు. చెయ్యి మార్చి కట్టుకున్నడు, పొడుగు చెట్టెక్కిండు, వణికింది. ఇగ ఆయనకు ఖాయమైపోయింది. నా గుండె పొట్టి చెట్టును మోస్తది, పొడుగు చెట్టును మొయ్యది, సగం కాడికి పోంగనే తెగుతున్నది అనుకున్నడు.

ఎవరికి చెప్తడు? గౌడోడు చెట్టుకు భయపడ్డడని ఊర్ల తెలిస్తె మోకు దూలానికి తగిలేసుడే. పెండ్లానికి గూడ చెప్పలే. దొంగతనంగ మండలంల డాక్టరు కాడికి పోయిండంట. ఆయన గొట్టం పెట్టి ఇని, నీ గుండె రాయిలెక్కున్నది పో అన్నడు. మల్సూరేమనుకున్నడంటే, నేల మీద బాగనే ఉంటది, నేల మీద వణికిందా ఎన్నడన్న? డాక్టరు చెట్టెక్కి చూస్తడా? గీ మాటకు నువ్వు నవ్వుతున్నవు గాని సారూ, ఆ మనిషి జాగల ఉండి చూడు. పొడుగు చెట్లను ఇడిసిపెట్టిండు. ఒక దినం ఇడిసిండు, రెండు దినాలు ఇడిసిండు. పొట్టివే గీసి లొట్లు, గవే కల్లు కుండలు, దించి మండువల పెడుతున్నడు. పెద్దచెట్ల కల్లేది అని అండాలు అడిగితె, పారుతలేదే, ఎండలు ముదిరినయి అన్నడు.

అండాలు ఊరుకునే మనిషా? మూడోనాడు పొద్దుమీకి తానే పోయి గద్దచెట్టు కింద చూసింది. చెక్కినప్పుడు గెల తునకలు కింద పడ్తయి గదా, తాజా తునక ఒక్కటి లేదు. ఉన్నయన్ని ఎండిపోయి నల్లగైనయి. వచ్చి మొగని ముంగల నిలవడ్డది. ఏమయ్యా, రెండు దినాలసంది కత్తి పెట్టలేవు గద, ఈ పూట పెట్టకపోతె నాలుగింటికి మూతి మూసుకపోతది, ఏడాదంత ఏం పోద్దును మండువల, ఏం తిందుము? మంచిగ లేదా? చెప్పు, మంచిగ లేకపోతె వద్దు, చెప్పు అన్నది. ఆడ సత్తయ్య తాత అనే ముసలాయన, ఇంకో ఇద్దరు కూసొని తాగుతున్నరు. వాళ్ల ముంగల ఏం చెప్తడు? మంచిగనే ఉన్న అన్నడు. మోకు భుజాన ఏసుకున్నడు. పోయిండు.

గౌడ్ల దేవుడు కాటమయ్యకు మొక్కి చెట్టుకు చెయ్యి తాకిచ్చిండు. ఎక్కుతున్నడు. ఒక్కొక్క గుంజుడు, ఒక్కొక్క అడుగు. సగం వచ్చింది. గజ్జున వణికింది. ఈసారి చూడలే. కండ్లు చెట్టుకే పెట్టి ఎక్కిండు, మట్టలు పట్టుకున్నడు, పైకి పోయి కూసున్నడు. కూసున్నంక బుద్ధి ఆగక చూసుకున్నడు, నూట యాభై ఆరు. ఇగ చేతులు ఆయన మాట ఇనలే. కత్తి నడుముకున్న ముస్తాదు సంచిల నుంచి తీద్దామంటె వేళ్లు సాగుతలేవు. దిగుదామంటె, దిగాలంటె ఏం జేయాలె? మోకు మీద ఎనుకకు ఒరిగి కాళ్లు సడలియ్యాలె. కాళ్లు సడలిస్తె పోత అనుకున్నడు. మట్టను గట్టిగ కర్సుకొని కూసున్నడు. చెమట కండ్లల్ల పడ్తున్నది, తుడుసుకోనీకి చెయ్యి ఇడువలే. కొంచెంసేపటికి గడియారం మళ్ల వణికింది. అది మళ్ల కూసున్నవు లేచి తిరుగన్నదే, గాని ఆయనకేం తెలుసు? అయిపోయింది, అండాలు ఎట్ల బతుకుతదో అనుకున్నడంట.

కింద సత్తయ్య తాత మొదలు గుర్తుపట్టిండు. కత్తి చప్పుడు ఇనొస్తలేదు. తల ఎత్తి చూసిండు, మనిషి కదుల్తలేడు. ఉరికొచ్చిండ్రు అందరు. అండాలు నోరు తెరవబోయింది, తాత ఆపిండు. వాళ్ల గౌడ్లల్ల ఒక కట్టుబాటున్నది, చెట్టు మీదున్నోన్ని కింద నుంచి పిలవద్దు. ఉలిక్కిపడ్తె మోకు జారుతదని. పెండ్లయినప్పటిసంది అండాలు ఒక్కనాడు పిలవలే. నోరు మూసుకొని మీదికి చూసుకుంట నిలవడుడే. ఇంకోడు ఎక్కి దించుకరాడా అంటవు. ఎట్ల ఎక్కుతడు? వాని మోకుకు ఈయన కాళ్లే అడ్డం. వనంల గాలి లేదు. అండాలు చేతులు ముడుసుకొని నిలవడ్డది, గోర్లు అరచేతులకు దిగినయంట.

గప్పుడు బండి సంచిల ఫోను మోగింది. దినాం గా యాళకు సంధ్య చేస్తది. అండాలు తీసి, బిడ్డా నాయిన చెట్టు మీద ఉండిపోయిండు, కదుల్తలేడు అని గుసగుసగ ఏడ్సింది. అమ్మా ఏడువకు, ఏమైంది చెప్పు, గడియారం ఉన్నదా చేతికి? ఉన్నది బిడ్డా, మూడు దినాలసంది మాటిమాటికి దాన్నే చూసుకుంటుండు, వణికినప్పుడల్ల మొఖం తెల్లవడ్తున్నది, నాకేం చెప్తలేడు. అమ్మా, నాయిన ఫోను ఏడ పెట్టి ఎక్కిండు? గీ బండి సంచిల. ఎప్పుడు గట్లనేనా? ఎప్పుడు గట్లనే. అయ్యో అమ్మా! ఫోను దూరమైతె వణికేటట్టు మొన్న నేనే పెట్టిన గదే! సగం చెట్టెక్కంగనే ఫోను అందకుంట పోతది, జోడు తెగిందని బొమ్మేస్తది. గుండెకు గాదే, గుండెకు గాదు! చెట్టెక్కినోని గుండె జోరుగనే కొట్టుకుంటది, పైన భయపడ్డడు గావచ్చు. దిగుమను, సగం కాడికి రాంగనే జోడు కలుస్తది, మళ్ల ఒకసారి వణుకుతది, చెప్పే అమ్మా!

చెప్పాలె. ఎట్ల చెప్పాలె? పిలవద్దు. పిలవకపోతె ఆయన దిగడు, చీకటి పడ్తె అసలే దిగడు. తాత వద్దు వద్దని చెయ్యూపుతనే ఉన్నడు. అండాలు చెట్టు మొదట్లకు పోయింది, రెండు చేతులు చెట్టుకానిచ్చింది. ఓ మల్సూరూ! అన్నది. ఊర్ల ఏ ఆడిదన్న మొగన్ని పేరు పెట్టి పిలుస్తదా? సంధ్య నాయినా అంటది, ఏమయ్యా అంటది, అంతే. ఇరవై ఏడేండ్లల్ల ఆయన పేరు ఆమె నోట్ల నుంచి ఎన్నడు ఎల్లలే. పైన ఆయన ఉలిక్కిపడలే. మెల్లగ కిందికి చూసిండు. మల్సూరూ, నీ గుండెకు ఏం గాలే! ఆ గడియారం ఫోను దూరమైనందుకు వణుకుతుంది! మన సంధ్య చెప్పింది! దిగు! ఆయన తల అడ్డం ఊపిండు. నమ్మకు, నన్ను నమ్మకు, ఆ గడియారాన్నే నమ్ము! సగం కాడికి రాంగనే మళ్ల వణుకుతది, నేను చెప్తున్న, ఈడ్నే నిలవడి చెప్తున్న, వణకకపోతె నన్నడుగు!

ఒక కాలు సడలిచ్చిండు. మోకు జారింది, ఆగింది. ఇంకో కాలు. ఒక్కసారి గుజి జారి పెచ్చు ఊడి పడ్డది, అండాలు కండ్లు మూసుకోలే, చూసుకుంటనే ఉన్నది. ఆగి, మళ్ల పట్టు దొరికిచ్చుకున్నడు. దిగుతున్నడు, దిగుతున్నడు, సగం కాడికొచ్చి ఆగిపోయిండు. ఆడ వణుకుతదని తెలిసి గూడ ఆయనకు అడుగు పడ్తలేదు. ఇగ గిప్పుడే జూడు, ఇంకో రెండు గుంజులు, గిప్పుడే అన్నది అండాలు. రెండు గుంజులు దిగిండు. గజ్జున వణికింది. చూసిండు. తెగిన బొమ్మ పచ్చగ కలిసి ఉన్నది. చెట్టుకు చెంప ఆనిచ్చి ఏడ్సిండంట మల్సూరు. నవ్విండని కొందరంటరు. నేనడిగిన సత్తయ్య తాతను, ఏడ్సిండే అన్నడు.

నేల మీద కాలు పెట్టినంక నీళ్లు తాగిండు. థూ, ఎంత పిరికిదే ఇది, జర దూరమైతెనే వణుకుతది అన్నడు గడియారాన్ని. అండాలు మోకు సదురుకుంట, పెండ్లయినప్పటిసంది నువ్వు సగం చెట్టు దాటంగనే నేను గట్లనే వణుకుతున్న, నాకు బొమ్మ పడది గంతే అన్నది. మామూలుగనే అన్నది. ఎన్ని వేలసార్లు ఎక్కిండు ఆయన, కిందికి ఒక్కసారన్న చూసిండా? లేచిండు, మోకు అందుకున్నడు. ఇంక ఎలుగు ఉన్నది, మూతి మూసుకపోకముందే పెట్టాలె అన్నడు. ఫోను జేబుల పెట్టుకో మరి అన్నడు సత్తయ్య తాత. వద్దు, అండాలు కాడనే ఉండనీ అన్నడు మల్సూరు. ఎక్కిండు. సగం కాడ వణికింది. ఆగి, కిందికి చూసి, ఉన్ననే! అన్నడు. అండాలు, ఆఁ, ఇన్న అన్నది. నాలుగు చెట్లల్ల మూడు మళ్ల పారినయి, ఒకటి ఆ ఏడు ఎండిపోయింది. గద్దచెట్టు మంచిగనే పోసింది.

ఆ గడియారం ఎన్ని దినాలు బతికిందంటవు? నీళ్లల్ల మునిగినా ఏంగాదని డబ్బ మీద రాసుండెనంట, మొదటి వానకే దాని మొఖం నల్లగైంది. ఇప్పుడు గుంజకు తగిలేసి ఉన్నది, టైము గూడ సూపది. మల్సూరు మాత్రం సగం చెట్టు కాడికి పోంగనే ఆగుతడు, ఉన్ననే! అని ఒర్లుతడు. కొత్తగ పోయేటోళ్లు ఈయనకు పిచ్చి అనుకుంటరు. అనుకోనీ. మా ఇంటాయన బోరు మోటరు కాడికి పోయిండంటె మాపటి దాంక ఉన్నడో పోయిండో తెల్వది, ఫోనెత్తడు, ఆయనకైతె వెయ్యి గడియారాలు కట్టినా దండుగే. ఇగ చాయ్ పెడ్త, ఆ కాయితం మడువు సారూ.