సముద్రంలో కలిపిన తొమ్మిది కార్డులు

మద్రాసు, 1958 సెప్టెంబరు 3, బుధవారం, ఉదయం పదిన్నర గంటలు. ఇన్స్పెక్టరు వెంకటపతి గారి ఎదుట చెప్పినది.

నా పేరు కోదండరాం. మా నాయన మునుసామి నాయుడు, ఇప్పుడు లేరు. నా వయసు నలభై ఎనిమిది. చూలైలో తగరం డబ్బాలు చేసే కొట్టు పైన మేడ మీద వాటాలో ఉంటాను. క్షయ రోగానికి కొత్త మందులు పరీక్షించే పరిశోధనాలయంలో కార్డు గది అటెండరుగా పని చేస్తున్నాను. నన్ను ఎవరూ పిలిపించలేదు. నేనే నడిచి వచ్చాను. మొన్న సోమవారం మీరు అరెస్టు చేసి తీసుకువచ్చిన, మా మందు పరీక్ష నడిపిన డాక్టరు బాలసుందరం గారు చావులు దాచలేదు. కార్డులు తీసింది నేను.

ముందు మందు సంగతి చెప్పాలి. తమలపాకు తోటల్లో తీగ మొదలు కుళ్ళిపోయే తెగులు ఒకటి ఉంది. మా పరిశోధనాలయంలో మొక్కల తెగుళ్ళు చూసే గోపాలస్వామి గారు తోట మట్టిలో ఒక బూజును కనిపెట్టారు. ఆ బూజు ఉన్నచోట తీగ కుళ్ళలేదు. దాని రసం గాజు పళ్ళెంలో క్షయ పురుగును కూడా చంపింది. అందరూ చాలా సంతోషపడ్డారు. ఆ రోజు గోపాలస్వామి గారు నాకు కూడా కాఫీ ఇప్పించారు.

1957 జనవరి 7, సోమవారం నాడు మనుషుల మీద పరీక్ష మొదలైంది. రోగులు నూట ఇరవై మంది. కవరు తీసి, అందులో ఏది వస్తే ఆ మందు ఇచ్చారు. అరవై మందికి పాత సూది మందు, అరవై మందికి కొత్త మాత్ర. మనిషికి ఒక కార్డు. కార్డు అంటే గట్టి అట్ట. పైన నెంబరు, సిరాతో పేరు. పాత మందు వాళ్ళకు ఎర్ర గీత, కొత్త మందు వాళ్ళకు పచ్చ గీత. మిగతా అంతా చిన్న చిన్న గళ్ళు. వయసుకు ఒక రంధ్రం, బరువుకు ఒకటి, దగ్గుకు ఒకటి. చనిపోతే చివరి వరుసలో ఒకటి. కార్డులు ఏరి లెక్కపెట్టే మిషనుకు పేరు అక్కర్లేదు. రంధ్రం ఎక్కడుందో అంతే దానికి కావాలి.

ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసి వచ్చే అంతోని ఎవరైనా పోతే చీటీ రాసి నాకు ఇస్తాడు. నేను ఆ కార్డు తీసి రంధ్రాలు వేసే తంగమ్మకు ఇస్తాను. ప్రతి శుక్రవారం ఉదయం పదకొండుకు కార్డులన్నీ మిషనులో వేసి, వచ్చే వారం ఎవరెవరి ఇంటికి వెళ్ళాలో జాబితా తీస్తారు. చనిపోయిన వాళ్ళ కార్డు కూడా వెళ్తుంది. అది వేరే గూట్లో పడుతుంది. ఏరి మళ్ళీ కట్టలో పెట్టే పని నాది.

మొదట పోయింది ఇరవై ఏడో నెంబరు కాళిముత్తు. జార్జి టౌనులో చేబండి లాగేవాడు. కొట్టు అరుగు మీద పడుకునేవాడు. పచ్చ గీత. 1957 జూన్ 11, మంగళవారం పోయాడు. అంతోని చీటీ ఇస్తూ, "ఎవురూ రాలేదన్నా. కార్పొరేషన్ బండిలో ఎత్తకపోయినారు. పేరు గూడా అడగలా" అన్నాడు. ఆ శుక్రవారం కాళిముత్తు కార్డు మిషనులో గడగడమని పోయి వేరే గూట్లో పడింది. ఏరి కట్టలో పెట్టాను. పై శుక్రవారం మళ్ళీ పడింది. మళ్ళీ ఏరి పెట్టాను.

ఇన్స్పెక్టరు గారు "విషయానికి రా" అంటున్నారు. ఇదే విషయం. మా అన్న పెరుమాళ్ రంగూన్‌లో ఉండేవాడు. 1942లో యుద్ధానికి భయపడి నడిచి బయలుదేరాడు. రాలేదు. ఏ రోజు పోయాడో తెలియదు కాబట్టి కర్మ చేయాల్సిన పదహారో రోజు ఏదో తెలియలేదు. మా అమ్మ చనిపోయేదాకా ఆయన పేరున్న ఒక్క కాగితం కోసం వెతికింది, దానికైనా నీళ్ళు వదులుదామని. దొరకలేదు. కాళిముత్తు పేరున్న కాగితం నా చేతిలో ఉంది. ఎవరూ లేని మనిషిని వారం వారం లేపి మిషనులో వేయడం నాకు ఘోరంగా అనిపించింది.

జూన్ 26, బుధవారం, పదహారో రోజు. పొద్దున ఆరు గంటలకు రాయపురం సముద్రం ఒడ్డుకు వెళ్ళాను. నాకు మంత్రాలు రావు. కాళిముత్తు అని మూడుసార్లు అని, నువ్వులు, పచ్చిబియ్యం, నీళ్ళు వదిలి కార్డును అలలో వేశాను. అట్ట గదా, మునగలేదు. మూడుసార్లు నా కాళ్ళ దగ్గరికే వచ్చింది. నాలుగోసారి తడి ఇసుకలో పెట్టి చేత్తో అదిమి పట్టుకున్నాను. అప్పుడు పోయింది. ఆ రోజు నాకు మనసు చాలా తేలికగా ఉంది. అది కూడా రాసుకోండి.

ఆ తర్వాత ఎవరూ లేనివాళ్ళు పోయినప్పుడల్లా అలాగే చేశాను. చీటీని కార్డుకు చుట్టి రెండూ కలిపే వదిలాను. ఇంట్లో మనుషులున్న వాళ్ళ కార్డులు ముట్టలేదు. 1958 ఫిబ్రవరి వరకు మొత్తం తొమ్మిది. పేర్లన్నీ నాకు తెలుసు. కాళిముత్తు. ఇడ్లీలు అమ్మే మునియక్క. రామసామి. గోవిందన్. హార్బరు కూలీ మస్తాన్. వంట మనిషి అలమేలు. గుడ్డి సుబ్బన్న. పాత కాగితాలు ఏరే దేవదాసు. చెల్లమ్మ. చెల్లమ్మది ఒక్కటే ఎర్ర గీత. మిగతా ఎనిమిదీ పచ్చ గీత. చేతికి పచ్చ గీతే వస్తోందని నేను చూశాను. చూసి, పాపం అనుకున్నాను. అంతకు మించి నాకు తట్టలేదు.

నా కూతురు కోకిల కూడా ఆ నూట ఇరవైలో ఒకతె. ఎనభై ఎనిమిదో నెంబరు. పంతొమ్మిదేళ్ళు. టైపు పరీక్ష ప్యాసైంది. మా కార్డు గదిలోనే ఉద్యోగం చేయాలని ఆశ. కవరు తీస్తే సూది మందు వచ్చింది, ఎర్ర గీత. ఒకరోజు నా అన్నం గిన్నె తెచ్చినప్పుడు తన కార్డు చూపించమంది. వెలుగుకు ఎత్తి పట్టుకుని నవ్వింది.

"నేనింతేనా నైనా? అన్నీ బొక్కలే ఉండాయే. నా దగ్గు యాడుండాది?"

చూపించాను.

"దగ్గు పోతే ఈ బొక్క పూడుస్తారా?"

"పూడ్చరమ్మా. కొత్త కార్డు గుచ్చుతారు."

"అయితే నా కొత్త కార్డు నేనే గుచ్చుకుంటా. తంగమ్మక్కను పక్కకు జరగమను."

ఆ ఫిబ్రవరికి ఆమె బరువు తొంభై నాలుగు పౌన్లకు పెరిగింది. దగ్గు దాదాపు పోయింది. పాత మందే ఆమెను బాగు చేసింది. ఇది డాక్టరు గారు చెప్పిన మాట కాదు, నా కళ్ళతో చూశాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటలకు ఆఖరు లెక్క వేశారు. రెండు కట్టల్లోనూ చావులు చెరి మూడు వచ్చాయి. మందు మానేసి ఊరు వదిలిపోయిన వాళ్ళ కార్డులు కట్టలోంచి తీసేయడం మా దగ్గర మామూలే. కార్డు లేదంటే మనిషి మానేశాడని అర్థం. ఎర్ర కట్టలో ఐదు తక్కువ. పచ్చ కట్టలో పన్నెండు తక్కువ. బాలసుందరం గారు కాగితం మీద ఆ పన్నెండు చుట్టూ గీత గీశారు. తర్వాత నా వైపు తిరిగి అడిగారు.

"ఏమయ్యా కోదండం, పచ్చ కట్టలో ఇంతమంది ఎందుకు వదిలేసినారు?"

ఆయన నన్ను అడిగారు. అడగకుండా సంతకం పెట్టలేదు. నేను భయపడ్డాను. కార్డులు గవర్నమెంటు సొత్తు.

"కూలోళ్ళు సార్. ఒక చోట నిలవరు" అన్నాను.

ఈ మాట అన్నది నేను. రెండు గంటల నలభై నిమిషాలకు అన్నాను. గోడ గడియారం నాకు ఎదురుగా ఉంది.

కొత్త మాత్ర పాత సూదితో సమానంగా పని చేస్తుందని లెక్క తేలింది. ఈ దేశంలోనే తయారవుతుంది, రోజూ సూది పొడవక్కర్లేదు. ఏప్రిల్ 7, సోమవారం నుంచి అందరికీ మాత్రే ఇచ్చారు. కోకిల ఎగిరి గంతేసింది. "పోదుం నైనా, ఇంక సూదులు పోదుం" అంది. చాలు అనడానికి ఆమె ఎప్పుడూ అరవంలో పోదుం అనేది. మాత్ర నేనే ఇచ్చేవాడిని. ఉదయం ఏడుకు ఒకటి, సాయంత్రం ఏడుకు ఒకటి. ఒక్క పూట కూడా తప్పనివ్వలేదు.

జులై నెలలో కళ్ళు పచ్చబడ్డాయి. నా భార్య చెంగమ్మ నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చింది. ఆసుపత్రిలో చేర్చాను. కాలేయం చెడిందన్నారు. 1958 ఆగస్టు 19, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు నా కూతురు చనిపోయింది. అంతోని మా ఇంటి మెట్ల మీదే కూర్చుని చీటీ రాశాడు. చీటీ ఇవ్వడానికి అతనికి చేయి రాలేదు. నేనే అడిగి తీసుకున్నాను. అప్పుడు అన్నాడు.

"అన్నా, కళ్ళు పచ్చబడి పోయినోళ్ళు ఇంతకు ముందు గూడా ఉండారు. కాళిముత్తుకు అట్టే అయింది. మునియక్కకు అట్టే అయింది. లెక్కలో రాలేదా?"

లెక్కలో రాలేదు. నేను రానివ్వలేదు. పదకొండు చావులను మిషను మూడని చదివింది. దాన్ని డాక్టరు గారు నమ్మారు. ఆ మాత్రను నా కూతురి నోట్లో నా చేత్తో వేశాను.

అంతోని తన కోసం రాసుకునే డైరీలో పోయారని ఉన్న తొమ్మిది పేర్లకు కార్డులు లేవని పైవాళ్ళు కనిపెట్టి బాలసుందరం గారి మీద ఫిర్యాదు ఇచ్చారు. సోమవారం ఆయనను తీసుకువెళ్తుంటే నేను వరండాలోనే ఉన్నాను. ఆయన నన్ను చూసి, "ఇంట్లో మీ ఆవిడను జాగ్రత్తగా చూసుకో" అన్నారు. నేను కార్డు గదిలోకి వెళ్ళిపోయాను. మా దగ్గర మాత్ర ఆపారు. కానీ ఫిబ్రవరి లెక్క నమ్మి మదురైలో ఇంకా ఇస్తున్నారని విన్నాను. లెక్క ఎలా తప్పిందో ఎవరైనా చెబితే గాని అక్కడ ఆపరు. నన్ను ఏం చేసినా సరే, ముందు మదురైకి తంతి కొట్టండి.

నిన్న సాయంత్రం నాలుగు గంటలకు కోకిల కార్డు తీసి తంగమ్మకు ఇచ్చాను. "నా వల్ల కాదన్నా" అని లేచి పోయింది. చివరి వరుసలో రంధ్రం నేనే వేశాను.

ఈ రోజు పదహారో రోజు. చెంగమ్మకు నేను చేసిన పనులన్నీ తెలుసు. పొద్దున నువ్వుల మూట పట్టుకుని వాకిట్లో నిలబడింది.

"కార్డు యాడ?" అంది.

"తేనులే" అన్నాను.

"ముక్కూ మొగం తెలీనోళ్ళకంతా చేస్తివి. కన్నబిడ్డకు చెయ్యవా?"

"దాన్ని లెక్కలో ఉండనీ" అన్నాను.

చెంగమ్మ ఒక్కతే రాయపురం వెళ్ళింది. నేను ఈడకు వచ్చాను. కార్డు ఇదిగో. ఎనభై ఎనిమిది, కోకిల. చూసి మళ్ళీ కట్టలో పెట్టించండి. శుక్రవారం అందరితో పాటు మిషనులో వేయమనండి. పై శుక్రవారం కూడా వేయమనండి. ఆ తొమ్మిది మందికి నేను చెప్పిన పేర్లతో కొత్త కార్డులు గుచ్చమనండి. వాళ్ళను వెళ్ళనిచ్చాననుకున్నాను. వాళ్ళు చెప్పాల్సింది చెప్పనివ్వలేదు.

ఇదంతా నా నోటితో చెప్పాను. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. రాసింది చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. రెండు గంటల నలభై నిమిషాలు అన్న చోట ఇంకొకసారి చదివించుకున్నాను. అది సరిగానే ఉంది.

(సంతకం) ము. కోదండరాం

నా ఎదుట సంతకం చేశాడు. 88వ నెంబరు కార్డును సాక్ష్యంగా తీసుకున్నాను. కార్డును ఈ కాగితాలకు గుండుసూదితో గుచ్చబోగా కోదండరాం నా చేయి పట్టుకుని ఆపాడు. ఇంకొక రంధ్రం పడితే మిషను తన కూతురిని తప్పుగా చదువుతుందని చెప్పాడు. అందువల్ల కార్డును విడిగా కవరులో పెట్టడమైనది.

(సంతకం) వెంకటపతి, ఇన్స్పెక్టరు