నూట ముప్పై, ఎనభై

అయిపోయిందా అమ్మా? ఇక మాట్లాడొచ్చుగా? చేతులకీ కాళ్ళకీ ఈ బీపీ పట్టీలు చుట్టి పది నిమిషాలు నోరు మూసుకుని పడుకోమన్నావు, నా పెళ్ళిలో పాస్టరుగారు కూడా అంతసేపు మూయించలేకపోయాడు. ఏదీ, ఆ తెర ఇటు తిప్పు. చెవిమిషను పెట్టుకునే ఉన్నాలే, మెల్లగానే చెప్పు. నాడి అలలా ఇవి? గుండె కొట్టినప్పుడల్లా గీత ఇలా పైకి లేస్తుందా? అయితే చెవితో వినక్కర్లేదు, కంటికే కనపడుతుందన్నమాట. ఒక్కటి చెప్పు అనూహ్యా. పాతకాలం పాదరసం డబ్బా ఉండేది చూడు, అందులో పాదరసం దిగుతూ దిగుతూ ఎగిరెగిరి పడితే, అది కూడా నాడేనా? నాడేనా... ఊఁ. కంగారుపడకు, నాకేం కాలేదు. మీ తాత శాంతయ్య సంగతొకటి ముప్పై ఏళ్ళుగా దాచుకున్నా, అంతే.

నువ్వాయన్ని ఫొటోలోనే చూశావు. పేరుకి కాంపౌండరు, తిరువూరు సగం ఆయన్నే డాక్టరనుకునేది. ఆవకాయల రోజులొస్తే బీపీ డబ్బా చంకన పెట్టుకుని నేను పనిచేసే కారం మిల్లు ముందు కూర్చునేవాడు. మిరపకాయల సంచులతో జనం వరసలో ఉంటారుగా, కదలరు, దొరుకుతారనేవాడు. ముందు మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు, తర్వాత పట్టీ, మధ్యలో అందరి తుమ్ములూ. 'రావమ్మా, ఉప్పు సగం చెయ్యి, లేకపోతే జాడీ అడుగు నువ్వు చూడవు' అనేవాడు. మిల్లు ముందు కూర్చుని పచ్చళ్ళు వద్దంటాడేంటని మా ఓనరు పళ్ళు నూరుకునేవాడు. ఆ రోజు మీ తాతకి పొద్దుట్నుంచీ తలపోటు. పెనుగొలనులో ఎవరికో సెలైను పెట్టాలి, బస్సు టైమవుతోంది. బీపీ ఎక్కువుంటే ఆగిపోతానన్నాడు. 'నాది నేనే చూసుకుంటే నాకు నచ్చిన అంకె దగ్గరే వినపడుద్ది, నువ్వు చూడు జోజీ' అని గొట్టాలు నా చెవుల్లో పెట్టాడు. టక్కుమని మొదలైన చోట ఒక అంకె, ఆగిన చోట ఒక అంకె, అంతే పని. నా చెవులా, పదిహేనేళ్ళ మిల్లు హోరుకి అప్పటికే పోయాయి. ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదు, నాకు నేనే ఒప్పుకోలేదు. చర్చిలో డోలక్ నాది మరి, చెవుడంటే ఇంకొకడి ఒళ్ళో పెడతారు. కరెంటు పోయి మిల్లు ఆగే ఉంది, నా చెవుల్లో మాత్రం తిరుగుతూనే ఉంది. పాదరసం దిగుతోంది. రెండొందల పైనే కప్పపిల్లలా గెంతడం మొదలెట్టింది. డబ్బా పాతదైందనుకున్నా. వరసలో అందరూ నన్నే చూస్తున్నారు. 'వినపడలేదు అన్నా' అంటే సరిపోయేది. 'నూట ముప్పై, ఎనభై' అన్నా. ఏం ఫర్లేదు పో అని ఆయన అందరికీ చెప్పే అంకె అదేగా. 'సరిగ్గా విన్నావా?' అన్నాడు. 'నాకు వినపడకపోవడమేంటన్నా' అన్నా, కాస్త కోపంగా కూడా. నవ్వి, పట్టీ విప్పి, బస్సెక్కాడు. దారిలో గంపలగూడెం చేరకముందే సీట్లో ఒరిగిపోయాడు. తలలో నరం చిట్లిందన్నారు.

పుల్లమ్మ వదిన, అదే మీ నాయనమ్మ, ఇప్పటికీ అందరికీ ఒకటే చెబుద్ది. వెళ్ళేముందు బీపీ బాగానే ఉంది, మన జోజిబాబే చూశాడు, దేవుడు పిలిచాడు వెళ్ళాడు, ఎవరి తప్పూ లేదని. అన్నప్పుడల్లా పక్కన నిలబడి తలూపుతా. వినపడని చెవులు, నేనేం చెయ్యనని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఇప్పుడేమో నువ్వు కంటికి కనపడుతుందంటున్నావు. నా కళ్ళకేం తల్లీ, నిక్షేపంలా ఉండేవి. ఏడవకు. తిట్టాలనుంటే తిట్టు. ఏంటీ? ఆవిడకి చెప్పొద్దా? ఆ నూట ముప్పైని పట్టుకునే ఇన్నాళ్ళూ నిద్రపోయిందంటావా. నిద్రపోయే ఉంటుంది. నేను మాత్రం... ఈ పట్టీలు విప్పు. కాగితం తర్వాత ఇద్దువులే, నా అంకెకేం తొందర. మీ నాయనమ్మ ఈ వేళప్పుడు ఇంట్లోనే ఉంటుందా?